పి.పి. నంబర్ నుంచి హోమ్ సర్వర్ దాకా

మా ఇంట్లో టీవీ వెనక, రౌటర్ పక్కన ఒక చిన్న డబ్బా ఉంటుంది. అరచేతిలో పట్టేంత రాస్ప్‌బెర్రీ పై, దానికి తగిలించిన హార్డ్ డిస్క్ ఒకటి. లాక్‌డౌన్ రోజుల్లో మొదలుపెట్టిన పని. ఫొటోలు, కాంటాక్టులు, స్కాన్ చేసిన పొలం కాయితాలు, అమ్మ ఫోన్లో రికార్డు చేసుకున్న పాటలు, అన్నీ ఒక్కొక్కటిగా పెద్ద కంపెనీల దగ్గర్నుంచి తీసి దాన్లోకి చేర్చాను. "మన డేటా మనింట్లోనే ఉండాలి" అని ఇంట్లో చిన్నపాటి ఉపన్యాసం కూడా ఇచ్చాను. నాన్న తలూపారు. అమ్మ "కరెంటు బిల్లు ఎంతొస్తుందిరా?" అని అడిగింది.

ఆ డబ్బా చేసే పనుల్లో ప్రకటనల్ని ఆపడం ఒకటి. ఫోన్లో ఏ సైటు తెరవాలన్నా ముందు దాని పేరు చెప్పి అడ్రసు కనుక్కోవాలి. ఆ అడ్రసులు చెప్పే వ్యవస్థ పేరు డీఎన్ఎస్. మా ఇంట్లో ఫోన్లన్నీ ఆ ప్రశ్న మా డబ్బానే అడుగుతాయి. అడిగింది ప్రకటనల సైటైతే డబ్బా తెలీదంటుంది, కాకపోతే అడ్రసు చెబుతుంది. ఎవరి ఫోను, ఎన్ని గంటలకి, ఏ పేరు అడిగిందో వరసగా రాసి పెట్టుకుంటుంది కూడా. ఆ రాతనే మేం లాగ్ అంటాం. పాత తెలుగులో చిట్టా.

ఒక ఉదయం ఇంటర్నెట్ మొరాయిస్తుంటే కారణం చూద్దామని ఆ చిట్టా తెరిచాను. రాత్రి రెండున్నర దాటాక నాన్న ఫోన్ నుంచి ఒక క్యాన్సర్ ఆసుపత్రి పేరు. తర్వాత ఒక ల్యాబ్ పేరు. మళ్ళీ ఆసుపత్రి. ఇరవై నిమిషాల పాటు అవే. లోపల ఏం చదివారో చిట్టాలో ఉండదు, పేర్లే ఉంటాయి. ఆ పేర్లు చాలు.

నాన్న మాకేమీ చెప్పలేదు. ఆ పూట ఎదురెదురుగా కూర్చుని ఇడ్లీ తిన్నాం. నేనేమీ అడగలేకపోయాను. అడిగితే ఎలా తెలిసిందో చెప్పాలి. కంపెనీలు మన మీద నిఘా పెడుతున్నాయని ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి, నాన్న మీద నిఘా పెట్టింది నేనే అని ఎలా చెప్పను?

ఇల్లు మారింది, చిట్టా మారలేదు. ఈ చిక్కు నాతోనే మొదలు కాలేదని, దీనికి చాలా చరిత్ర ఉందని తర్వాత చదువుతుంటే తెలిసింది.

*

నాకు ఊహ తెలిసేనాటికి ఖమ్మంలో మా వీధి మొత్తానికి రెండే ఫోన్లు. మాకు లేదు. అప్లికేషన్లలో, శుభలేఖల్లో ఫోన్ నంబర్ రాయాల్సొస్తే పక్కింటి నంబర్ రాసి చివర 'పి.పి.' అని చేర్చేవాళ్ళు. ఫోన్ మాది కాదు, కానీ ఫలానావాళ్ళని పిలవమంటే పిలుస్తారు అని దానర్థం. మా పక్కిల్లు ఒక టీచరమ్మగారిది. ఆవిడ గోడ మీంచి కేకేస్తే అమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తేది. వాళ్ళ హాల్లో, వాళ్ళందరి మధ్యా నిలబడి మాట్లాడాలి. మేనత్తకి సంబంధం తప్పిపోయిన సంగతీ, తాతయ్యకి ఒంట్లో బాగోలేని సంగతీ మాకన్నా అర నిమిషం ముందు ఆవిడకే తెలిశాయి. ఆవిడ ఎక్కడా అనలేదు. అంటే మా గుట్టు ఆవిడ మంచితనం మీద నిలబడింది. ఫోన్ వైరు గొప్పతనం కాదు, టెలిఫోన్ శాఖ గొప్పతనం అంతకన్నా కాదు.

ఉత్తరాల కాలంలోనూ ఇదే కథ. ఇటలీ విప్లవకారుడు జుసెప్పె మాజిని లండన్‌లో ప్రవాసంలో ఉన్నప్పుడు తన ఉత్తరాలు ఎవరో విప్పి మళ్ళీ అంటిస్తున్నారని అనుమానించాడు. పరీక్షించడానికి కవర్లలో గసగసాలూ ఇసక రేణువులూ వేసి పంపించుకున్నాడు. ఉత్తరాలొచ్చాయి, గసగసాలు రాలేదు. 1844 జూన్‌లో థామస్ డన్‌కోంబ్ అనే సభ్యుడు ఆ ఫిర్యాదుని పార్లమెంటులో పెట్టాడు. హోం సెక్రటరీ సర్ జేమ్స్ గ్రాహం వారెంటు మీద పోస్టాఫీసులోనే ఉత్తరాలు విప్పుతున్నారని బయటపడింది. పెద్ద గొడవైంది, కమిటీలు వేశారు, పోస్టాఫీసులో ఆ పని చేసే రహస్య విభాగం మూతబడింది. వారెంటు ఇచ్చే అధికారం మాత్రం అలాగే ఉండిపోయింది. మన దగ్గరికి అదే పాలన 1885లో టెలిగ్రాఫ్ చట్టాన్నీ, 1898లో పోస్టాఫీసు చట్టాన్నీ తెచ్చినప్పుడు మధ్యలో ఆపి చూసే అధికారాన్ని వాటిల్లోనే రాసుకుంది.

మాజిని గసగసాలు నాకెందుకు నచ్చాయంటే, ఆయన పోస్టాఫీసు మంచితనాన్ని నమ్మలేదు. దొరికిపోయే ఏర్పాటు చేశాడు.

*

ఇప్పుడు హెల్సింకీ వెళ్దాం. హోమ్ సర్వర్ల గురించి ఉత్సాహంగా మాట్లాడే మాలాంటి వాళ్ళందరూ ముందు చదవాల్సిన కథ అక్కడిదే అని నా అభిప్రాయం.

యోహాన్ హెల్సింగియస్ ఫిన్లండ్‌లో నెట్‌వర్కులు తెలిసిన ఇంజనీరు. అప్పట్లో యూజ్‌నెట్ చర్చల్లో అసలు పేరుతోనే మాట్లాడాలా, అక్కర్లేదా అని ఒక వాదన నడుస్తుండేది. అక్కర్లేదన్న పక్షం ఆయనది. వాదిస్తూ కూర్చోకుండా 1993లో ఒక సర్వరే పెట్టేశాడు, అనాన్ పెనెట్ అనే పేరుతో. మీరు దానికి ఉత్తరం పంపితే మీ పేరు, అడ్రసు తీసేసి, 'ఏఎన్' అనే అక్షరాల పక్కన ఒక అంకె తగిలించి, చేరాల్సిన చోటికి పంపుతుంది. ఎవరైనా ఆ అంకెకి జవాబు రాస్తే మీకు చేరుస్తుంది. అంటే ప్రపంచం మొత్తానికి ఒక పి.పి. నంబర్. హెల్సింగియస్ మన టీచరమ్మగారు.

జనం ఎగబడ్డారు. మూడేళ్ళలో వాడకందార్లు ఐదు లక్షలు దాటారు. పరాచికాలకీ తిట్లకీ వాడినవాళ్ళున్నారు. చిన్నప్పుడు లైంగిక హింసకి గురై ఎక్కడా నోరు విప్పలేనివాళ్ళు దీని చాటున మాట్లాడారు. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్ళతో మాట్లాడే బ్రిటన్ సంస్థ సమారిటన్స్ కూడా దీని ద్వారా ఉత్తరాలు అందుకుంది. హెల్సింగియస్ దీన్నుంచి డబ్బులు చేసుకోలేదు. మనిషి మంచివాడు, పనిమంతుడు. నమ్మకానికి ఇంకేం కావాలి?

కానీ జవాబులు వెనక్కి చేరాలంటే ఏ అంకె ఎవరిదో ఎక్కడో రాసి ఉండాలి కదా. ఆ పట్టిక ఆయన సర్వర్లోనే ఉంది.

1995 ఫిబ్రవరిలో పోలీసులు వచ్చారు. తమ అంతర్గత పత్రం ఒకటి ఈ సర్వర్ గుండా బయటికొచ్చిందని అమెరికాలోని చర్చ్ ఆఫ్ సైంటాలజీ ఫిర్యాదు చేసింది. పోలీసుల చేతిలో సోదా వారెంటుంది. మెషిన్ని ఎత్తుకుపోతే పట్టిక మొత్తం పోతుంది. హెల్సింగియస్ బేరమాడి, అడిగిన ఒక్క అడ్రసూ ఇచ్చి మిగతా పేర్లని కాపాడుకున్నాడు. ఆ పరిస్థితిలో నేనైనా అదే చేసేవాణ్ణేమో. కానీ ఆ ఒక్కడి సంగతి? అతను కూడా అందరిలాగే నమ్మి వచ్చాడు.

ఏడాదిన్నర తర్వాత, 1996 ఆగస్టులో, అదే సంస్థ ఇంకొందరి పేర్లు కావాలని వచ్చింది. కోర్టు ఇవ్వమంది. అదే నెలలో బ్రిటన్ పత్రిక అబ్జర్వర్, పిల్లల అశ్లీల చిత్రాలు ఈ సర్వర్ గుండానే పోతున్నాయని రాసింది. పెద్ద ఫైళ్ళు అసలు దాటలేని సర్వర్ అది, ఆ ఆరోపణకి ఆధారం లేదని ఫిన్లండ్ పోలీసులే చెప్పారు. 1996 ఆగస్టు 30న హెల్సింగియస్ సర్వర్ ఆపేస్తున్నట్టు ప్రకటించాడు.

మొదటిసారి చదివినప్పుడు ఈ కథలో నాకు హీరో కనిపించాడు. నాన్న సంగతి తర్వాత చదివితే పట్టిక కనిపించింది. ఇంజనీరుగా చూస్తే తప్పు ఆయన గుణంలో లేదు, డిజైన్లో ఉంది. ఇది అప్పటికే తెలిసినవాళ్ళున్నారు. డేవిడ్ చామ్ 1981లోనే ఒక పేపర్లో ఉత్తరాన్ని పొరలు పొరలుగా గుప్తీకరించి, చేతులు మార్చి మార్చి పంపే పద్ధతి రాశాడు. ఎవరికీ మొత్తం దారి తెలియదు. 1992లో కాలిఫోర్నియాలో ఎరిక్ హ్యూస్, హాల్ ఫిన్నీ పెట్టిన రీమెయిలర్లలో పట్టికే లేదు. కాకపోతే వాటిని వాడటం కష్టం. పెనెట్ వాడటం తేలిక. జనం తేలికైన చోటికే వెళ్ళారు, నేనైనా అంతే.

అదే 1996 డిసెంబర్లో మన సుప్రీం కోర్టు ఫోన్ ట్యాపింగ్ మీద పీయూసీఎల్ వేసిన కేసులో తీర్పిచ్చింది. ఫోన్లో మాట్లాడుకోవడం వ్యక్తిగత గోప్యతలో భాగమని, పద్ధతి లేకుండా వినకూడదని చెప్పి, ఉత్తర్వు ఎవరివ్వాలో, ఎవరు సమీక్షించాలో నిబంధనలు పెట్టింది. 1885 చట్టానికి అలాంటి పగ్గం పడటానికి నూట పదకొండేళ్ళు పట్టింది.

*

సర్వర్ ఇంట్లో ఉండాలన్న ఆలోచనకి ఉద్యమం రూపం వచ్చింది 2010లో. కొలంబియా యూనివర్సిటీ లా ప్రొఫెసర్ ఎబెన్ మోగ్లెన్ ఆ ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మన జీవితాల చిట్టాలన్నీ ఎవరివో సర్వర్లలో పోగుపడుతున్నాయి, గోడకి ప్లగ్గు పెట్టినట్టు పెట్టుకునే చిన్న సర్వర్ ప్రతి ఇంట్లోనూ ఉంటే ఆ చిట్టాలు మన దగ్గరే ఉంటాయి అన్నాడు. ఫ్రీడంబాక్స్ అనే ప్రాజెక్టు దాన్నుంచే పుట్టింది. మా టీవీ వెనక డబ్బా కూడా ఆ వంశంలోదే.

ఆ వాదన వెనక అమెరికా చట్టంలోని ఒక మెలిక ఉంది. 1976లో మిల్లర్ కేసులో వాళ్ళ సుప్రీం కోర్టు, మీ లావాదేవీల కాయితాలు బ్యాంకు దగ్గరున్నాయంటే వాటి మీద మీకు గోప్యత లేదంది. మీ అంతట మీరే మూడోవాడికి ఇచ్చారు కదా అని. అలాంటి చోట ఇంట్లో పెట్టుకోవడానికి విలువ ఎక్కువ. ఇంటి గడప దాటాలంటే వారెంటు కావాలి.

మన దగ్గర ఇదే ప్రశ్న హైదరాబాద్ నుంచే పైకి వెళ్ళిందని నాకు ఈమధ్యే తెలిసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో స్టాంపు చట్టంలో 73వ సెక్షన్ని సవరించింది. కలెక్టర్ పంపిన మనిషి బ్యాంకులో ఉన్న పత్రాల్ని చూడొచ్చు, స్వాధీనం చేసుకోవచ్చు. బ్యాంకులు కోర్టుకెళ్ళాయి, హైకోర్టు కొట్టేసింది. సుప్రీం కోర్టులో అది హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్ అండ్ కలెక్టర్ వర్సెస్ కెనరా బ్యాంక్ అయింది. 2004 నవంబర్లో తీర్పొచ్చింది. అమెరికా మిల్లర్ తీర్పుని చర్చించి, ఆ దారిన పోలేదు. కాయితం బ్యాంకు చేతికి వెళ్ళినంత మాత్రాన ఖాతాదారు గోప్యత పోదు, గోప్యత మనుషులకి సంబంధించింది, చోట్లకి కాదు అని తేల్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పినప్పుడు చర్చించిన తీర్పుల్లో ఇదీ ఒకటి.

గోప్యత చోటుకి కాదు, మనిషికి. ఈ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. డేటా మా ఇంట్లోనే ఉంది కాబట్టి భద్రం అని నేననుకున్నాను. ఎవరికి భద్రం? ఇంటికి గోప్యత ఉండదు. నాన్నకి ఉంటుంది, అమ్మకి ఉంటుంది. ఇంకో తమాషా ఏంటంటే, 2023లో మనకొచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత అవసరానికో ఇంటి అవసరానికో డేటా వాడుకునే వ్యక్తులకి వర్తించదు. వర్తించకపోవడమే న్యాయం, కొడుకు మీద కొంపలో కేసులేమిటి? కానీ దానర్థం, నా డబ్బా ముందు మా నాన్నకి చట్టం లేదు. ఉన్నది నేనొక్కణ్ణే.

*

హెల్సింకీ పాఠం ఇంకా గట్టిగా తెలిసొచ్చింది 2013లో. టెక్సస్‌లో లాడర్ లెవిసన్ అనే ఆయన లావాబిట్ అనే ఈమెయిల్ సర్వీసు నడిపేవాడు. 4 లక్షలకు పైగా ఖాతాలు. డబ్బులు కట్టినవాళ్ళ ఉత్తరాల్ని వాళ్ళ పాస్‌వర్డ్‌తోనే తాళం వేసి దాచేవాడు. అక్కడిదాకా మంచి డిజైన్. ఆ జూన్‌లో స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు ప్రపంచాన్ని కుదిపేశాక ఎఫ్‌బీఐ లెవిసన్ దగ్గరికొచ్చింది. ఒక్క ఖాతా కోసం. ఆ ఖాతా స్నోడెన్‌దేనని తర్వాత ఎప్పుడో ఒక కోర్టు పత్రంలో పేరు చెరపడం మర్చిపోతే బయటపడింది. వాళ్ళడిగింది మాత్రం సర్వర్ ప్రైవేటు తాళంచెవి.  దానితో అందరి రాకపోకలూ చదవొచ్చు.

లెవిసన్ ఆ తాళంచెవిని చీమతలంత అక్షరాల్లో, 4 పాయింట్ సైజులో, పదకొండు పేజీలుగా ప్రింటు తీసి ఇచ్చాడు. కోర్టుకి నవ్వు రాలేదు. సరైన రూపంలో ఇచ్చేదాకా రోజుకి 5 వేల డాలర్ల జరిమానా వేసింది. చివరికి ఇచ్చాడు, ఆగస్టు 8న సర్వీసు మూసేశాడు. హెల్సింగియస్ లాగే మంచివాడు, హెల్సింగియస్ లాగే మూసేసుకున్నాడు.

ఇంజనీర్లు దీనికి చెప్పిన జవాబు ప్రసంగాల్లో లేదు, ప్రోటోకాల్స్‌లో ఉంది. 2018 ఆగస్టులో వచ్చిన టీఎల్ఎస్ 1.3లో ప్రతి సంభాషణకీ కొత్త తాళంచెవి పుడుతుంది, పనయ్యాక పారేస్తారు. రేపు సర్వర్ తాళంచెవి ఎవరి చేతికి చిక్కినా, నిన్న రికార్డు చేసుకున్న మాటలు దాంతో విప్పలేరు. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ రెండు ఫోన్ నంబర్ల వివరాలివ్వమని సిగ్నల్ యాప్ తయారుచేసే సంస్థకి సమన్లు పంపింది. వాటిలో ఒక్కదానికే ఖాతా ఉంది. ఆ ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కలిసింది, ఈ రెండే వాళ్ళ దగ్గరున్నాయి, ఆ రెండే ఇచ్చారు. మొండికేసి జైలుకెళ్ళాల్సిన పని పడలేదు. బేరమాడాల్సిన పనీ పడలేదు. లేనిది ఎవరూ పట్టుకుపోలేరు.

*

హోమ్ సర్వర్ భద్రత అంటే మేం మాట్లాడుకునేది ఎక్కువగా బయటివాళ్ళ గురించే. రౌటర్లో పోర్టులు తెరవొద్దు. బయట్నుంచి ఇంటికి రావాలంటే వైర్‌గార్డ్ వాడండి, అది 2020 నుంచి లినక్స్ కెర్నెల్లోనే ఉంది. తాళంచెవి లేనివాడు తడితే ఇంట్లో ఎవరూ లేనట్టు పలక్కుండా ఉంటుంది. డిస్క్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చెయ్యండి, పాడైపోయిన డిస్క్‌ని నిశ్చింతగా పారెయ్యొచ్చు. అప్‌డేట్లు వాయిదా వెయ్యొద్దు. బ్యాకప్ ఒకటి వేరే ఊళ్ళో ఉంచండి. ఇవన్నీ చెయ్యాల్సినవే, నేనూ చేశాను. ఇన్ని తాళాలూ దొంగ కోసం. ఇంటిపెద్ద కోసం ఒక్కటీ లేదు. అడ్మిన్‌కి అన్నీ కనిపిస్తాయి. అది మామూలేనని మాకు ఉద్యోగాల్లో అలవాటైపోయింది.

ఆ వారంలో మూడు పనులు చేశాను. పై-హోల్ సెట్టింగుల్లో గోప్యతకి నాలుగు స్థాయిలుంటాయి. మొదటిదాంట్లో అంతా రాస్తుంది, నేనున్నది అక్కడే. చివరిదానికి మార్చాను, ఇప్పుడు లెక్కలు తప్ప పేర్లు మిగలవు. నెలల తరబడి పేరుకున్న పాత చిట్టాని తుడిచేశాను, బ్యాకప్పుల్లో ఉన్న నకళ్ళతో సహా. తుడిచే ముందు ఇంకొక్కసారి చూడాలనిపించింది. చూడలేదు అని గొప్పగా రాయాలనుంది గానీ, చెయ్యి వెళ్ళింది, సగంలో వెనక్కి తీసుకున్నాను.

మూడోది నాన్నకి చెప్పడం. ఆదివారం సాయంత్రం బాల్కనీలో కూర్చున్నప్పుడు చెప్పాను. చిట్టా అంటే ఏంటో, అందులో ఏం కనిపించిందో, ఇప్పుడు లేదనీ. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు.

"అమ్మ ఫోన్లోవి కూడా కనిపించేవా?"

"కనిపించేవి."

"మరి నీ ఫోన్లోవి ఎవరికి కనిపిస్తాయి?"

"నాకే, నాన్నా."

"ఊఁ" అన్నారు.

ఆ తర్వాత ఆసుపత్రి సంగతి ఆయనే చెప్పారు. ఏం చెప్పారో ఇక్కడ రాయను, అది ఆయనది. ఈ వ్యాసం రాసే ముందు కూడా అడిగాను. రెండు వివరాలు మార్చమన్నారు, మార్చాను.

ఇప్పుడు ఇంట్లో ఎవరి ఫైళ్ళకి వాళ్ళ తాళం. నా దగ్గర నకలు లేదు. పాస్‌వర్డ్ మర్చిపోతే నేను కూడా తెరవలేనని ముందే చెప్పాను. అమ్మకది నచ్చలేదు. "నాకు దాచుకునేవేం లేవు, నువ్వే ఉంచు" అంది. ఆమె ఇష్టం, ఆమెది నా దగ్గరే ఉంది. చిట్టా లేకపోవడం వల్ల కష్టం కూడా ఉంది. పోయిన నెల ఇంటర్నెట్ మళ్ళీ మొరాయిస్తే కారణం కనుక్కోడానికి ఒక మధ్యాహ్నమంతా పోయింది. తీరా చూస్తే కేబుల్ వదులైంది.

నాన్న స్కూల్లో పనిచేసి రిటైరైన మనిషి. తన పాస్‌వర్డ్‌ని ఒక కాయితం మీద రాసి, కవర్లో పెట్టి, అంటించిన చోట పరీక్ష పేపర్ల కట్ట మీద పెట్టినట్టు అడ్డంగా సంతకం పెట్టారు. బీరువాలో ఎక్కడుందో నాకు చూపించి, "అవసరమైనప్పుడు తియ్యి" అన్నారు. ఎవరైనా విప్పితే సంతకం చిరుగుతుంది.